ఉగాది సాయంత్రం బరంపురం చరిత్రపై క్విజ్: ఏ ప్రశ్నలు అడగాలి, ఎలా అడగాలి?

ప్రశ్న: బరంపురం తెలుగువాడు

అందరికీ నమస్కారం. ఉగాది నాటి సాయంత్రం పంచాంగ శ్రవణం అయిన తరువాత, మా వీధిలో గంటన్నర సేపు మన ఊరి చరిత్ర మీద క్విజ్ నిర్వహించే బాధ్యతను పెద్దలు నాకు అప్పగించారు. సుమారు నలభై కుటుంబాలు వస్తాయి. వాటిలో తెలుగువారితో పాటు తరాలుగా మా ఇరుగుపొరుగున ఉంటున్న ఒడియా కుటుంబాలు కూడా ఉన్నాయి. పిల్లలు ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదువుతున్నందువల్ల వారికి తెలుగు మాట్లాడడం వచ్చినా, చదవడం అందరికీ రాదు. పెద్దవారికి ఊరి సంగతులు ఎన్నో తెలుసు గాని, పోటీ అనగానే వెనుక వరుసలో కూర్చుండిపోతారు.

రెండేళ్ళ క్రితం దసరాకు నేనే ఇలాంటి పోటీ ఒకటి పెట్టాను. అడిగినవన్నీ సంవత్సరాలే కావడం వల్ల పిల్లలకు అరగంటలోనే విసుగు పుట్టింది. అంతకంటె పెద్ద పొరపాటు మరొకటి జరిగింది. గంజాం జిల్లా ముఖ్యపట్టణం ఏది అన్న ప్రశ్నకు నా కాగితంలో బరంపురం అని రాసి ఉంది. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఛత్రపురం అని సరైన జవాబే చెప్పినా, నేను తప్పని ప్రకటించాను. ఇంటికి వెళ్ళి సరిచూసుకున్న తరువాత మనసుకు చాలా కష్టమనిపించి, మర్నాడే వారింటికి వెళ్ళి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నాను. ఈసారి అలా జరగకూడదనే మిమ్మల్ని ముందుగా అడుగుతున్నాను.

పిల్లలు, పెద్దలు కలిసి ఆలోచించి చెప్పదగిన ప్రశ్నలు ఏవి? ఒడియా కుటుంబాల వారికి ఇది తమ పోటీ కాదన్న భావన కలగకుండా ఏం చేయాలి? 1936లో మన ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సాలోకి మారిన నాటి సరిహద్దుల సంగతిని పండుగ పూట ప్రస్తావించడం మంచిదేనా? ఈ మూడు విషయాల్లో మీ సలహా కోరుతున్నాను.

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఛత్రపురం

మీరు పొరపాటు పడిన ఆ ప్రశ్నను వదిలివేయవద్దు, దానినే మొదటి ప్రశ్నగా పెట్టండి. అయితే ముఖ్యపట్టణం పేరు మాత్రమే అడిగి ఆగిపోకుండా, జిల్లాకు గంజాం అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగండి. ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో ఉన్న గంజాం అనే చిన్న ఊరే ఒకప్పుడు ఈ జిల్లాకు కేంద్రం. అక్కడి పోటగఢ్ కోటను 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ హయాంలో ఈస్టిండియా కంపెనీ వారు కట్టించారు. 1815 ప్రాంతంలో వ్యాపించిన విషజ్వరాల వల్ల జనం చెల్లాచెదురై, అధికారులు ఆ ఊరిని విడిచిపెట్టవలసి వచ్చింది. పేరిచ్చిన ఊరు చిన్నబోయి, జిల్లా మాత్రం ఆ పేరుతోనే మిగిలిపోయిందని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో కలిగే ఆశ్చర్యాన్ని నేను తరగతి గదిలో చాలాసార్లు చూశాను.

ఇక పద్ధతి గురించి చెబుతాను. ఒకే వాక్యంలో అడిగి ఒకే మాటలో జవాబు కోరే ప్రశ్నల కంటె, మూడు మెట్ల ప్రశ్నలు మేలు. మొదటి ఆధారంతోనే చెప్పినవారికి మూడు మార్కులు, రెండో ఆధారంతో చెబితే రెండు, మూడోదానితో చెబితే ఒకటి ఇవ్వాలి. ఉదాహరణకు ఒక మహనీయుని గురించి అడుగుదాం. ఆయన డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐర్లండు స్వాతంత్ర్య పోరాటం పట్ల ఆకర్షితుడై 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చిందన్నది మొదటి మెట్టు. రైల్వే కార్మికుల నాయకుడై, 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఓడించాడన్నది రెండో మెట్టు. 1969లో దేశానికి నాలుగో రాష్ట్రపతి అయ్యాడన్నది మూడో మెట్టు. 1894 ఆగస్టు 10న మన బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారిని మూడో మెట్టు దగ్గర పిల్లలు పట్టుకుంటారు, మొదటి మెట్టు దగ్గరే పట్టుకునే తాతగారు మీ వీధిలో ఒక్కరైనా తప్పక ఉంటారు. జట్టుకు ఒక పెద్ద, ఒక చిన్న ఉండేలా చూస్తే వెనుక వరుసలో ఎవరూ మిగలరు.

దీనికి అనుబంధంగా మరో చక్కని ప్రశ్న ఉంది. 1969 నాటి రాష్ట్రపతి ఎన్నికల్లో ప్రధానంగా తలపడిన ఇద్దరూ తెలుగువారే. గిరిగారితో పోటీపడి అప్పుడు ఓడిపోయినా, 1977లో తానూ రాష్ట్రపతి అయిన ఆ రెండో వ్యక్తి ఎవరు? నీలం సంజీవరెడ్డి గారని చాలామంది చెప్పగలరు గాని, ఇద్దరి జన్మస్థలాలనూ చెప్పమంటే తడబడతారు.

రైలు మీద కూడా ఒక ప్రశ్న ఉండాలి. విజయవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893, 1896 సంవత్సరాల మధ్య నిర్మితమైంది. 1902లో దీని ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. పాలన మద్రాసు వారిదైన ఊరికి రైలు మాత్రం కలకత్తా వారిది కావడం ఎలా జరిగిందని అడగండి. జవాబు చెప్పాలంటే ఆనాటి దేశపటాన్ని మనసులో గీసుకోవాలి, అందుకే నాకు ఈ ప్రశ్న ఇష్టం.

జవాబు 2: దేవాంగుల ఇంటి ఆడపడుచు

మాస్టారు చెప్పిన మెట్ల పద్ధతి నాకు నచ్చింది. అయితే అన్నీ మాటల ప్రశ్నలే కాకుండా, చేతితో తాకి చూసి జవాబు చెప్పే ప్రశ్నలు కూడా ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. మా పుట్టింటిలో అమ్మ పెళ్ళినాటి బరంపురం పట్టుచీర, నాన్నగారి జోడ భద్రంగా ఉన్నాయి. ఆ రెండింటినీ బల్ల మీద పరచి, అంచు మీద గుడి శిఖరాల్లా వరుసగా లేచి ఉన్న నేతపనిని ఏమంటారని అడగవచ్చు. దానిని కుంభ అంటారు. బరంపురం చీరలకు వాడే ఫోడ కుంభ అన్న పేరులో ఉన్నది అదే. ఈ చీరకు, జోడకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. జోడ అంటే ఏమిటో ఈ తరం పిల్లల్లో చాలామందికి తెలియదు. పంచె, ఉత్తరీయం కలిసి జంటగా నేసినదే జోడ. ఒకప్పుడు పెళ్ళికొడుకు ఒంటిమీద అది లేకుండా పీటల మీద కూర్చునేవాడు కాడని మా నాయనమ్మ చెప్పేది.

రెండో ప్రశ్న బుఢీ ఠాకురాణి యాత్ర గురించి ఉండాలి. రెండేళ్ళకొకసారి చైత్రమాసంలో అమ్మవారు తన గుడి విడిచి పుట్టింటికి వస్తుందని మనం అంటాం. ఆ పుట్టిల్లు ఏ వీధిలో ఉంటుంది, ఆ వీధికి ఆ పేరు ఎందుకు వచ్చింది అని అడగండి. అది దేశి బెహరా వీధి. నేతవారి కులపెద్దను దేశి బెహరా అంటారు, అమ్మవారికి తండ్రి స్థానంలో నిలిచేది ఆయనే. యాత్ర సమయంలో మొక్కు తీర్చుకోవడానికి వేషాలు వేసేవారు, ఒళ్ళంతా చారలు పూసుకుని పులివేషం కట్టి ఆడేవారు ఏ ఇంటివారో అడిగితే తెలుగువారూ చేతులెత్తుతారు, ఒడియావారూ చేతులెత్తుతారు. పొరుగువారు ఇది తమ పోటీ కాదనుకుంటారేమో అన్న మీ సందేహానికి ఇంతకంటె మంచి సమాధానం నాకు కనిపించలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. మహురి రాజావారు మా పూర్వీకులను రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి పిలిపించి ఇక్కడ నిలిపారని మా పెద్దలు చెబుతారు. నేను ఆ మాటను గౌరవంతో నమ్ముతాను. అయినా ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రకంగా చెప్పుకునే ఇలాంటి కథకు మార్కులు పెట్టకండి. మార్కులు లేకుండా ఎవరి ఇంటి కథ వారితో చెప్పించండి. గోపాలపురం రేవు నుంచి స్టీమరెక్కి రంగూను వెళ్ళిన తాతముత్తాతల కథలు కూడా అలాగే బయటికి వస్తాయి.

జవాబు 3: పర్లాకిమిడి ప్రయాణికుడు

మీ మూడో సందేహానికే నేను జవాబు రాస్తున్నాను. 1936ను వదిలివేస్తే బరంపురం చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. అయితే ఎవరు గెలిచారు, ఎవరు నష్టపోయారు అన్న ధోరణిలో అడిగితే పండుగ చెడిపోతుంది. అందుచేత మధ్యేమార్గంగా ఒక తేదీని పట్టుకోవచ్చు. ఉగాది, ఒడిశా అవతరణ దినమైన ఉత్కళ దివస్ చాలా ఏళ్ళలో కొద్ది రోజుల తేడాతోనే వస్తాయి కాబట్టి, ఏప్రిల్ 1 అన్న తేదీ చుట్టూ మూడు ప్రశ్నలు అల్లుకోండి.

మొదటిది 1900 ఏప్రిల్ 1. ఆ రోజున నౌపడ నుంచి పర్లాకిమిడికి సన్నపట్టాల రైలు మొదలైంది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. దానిని వేయించినది పర్లాకిమిడి సంస్థానం. 1931 నాటికి అది గుణుపురం దాకా సాగింది. 2004లో దానిని ఆపివేసి, పెద్దపట్టాలు వేసి, 2010లో పర్లాకిమిడి దాకానూ, మరుసటి ఏడాది గుణుపురం దాకానూ తిరిగి నడిపించారు. టెక్కలి, పాతపట్నం దాటి వచ్చే ఆ బండిలో కూర్చున్నవారికి ఎక్కడ ఆంధ్ర ముగిసిందో, ఎక్కడ ఒడిశా మొదలైందో స్టేషన్ బోర్డు మీది లిపి చూస్తే తప్ప తెలియదు.

రెండోది 1936 ఏప్రిల్ 1. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో అధికభాగం, బరంపురంతో సహా అందులో చేరింది. మిగిలిన తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. వాటిలో నుంచే 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. పర్లాకిమిడి సంస్థానం మధ్యగా గీత పడింది. మహేంద్రతనయకు ఇవతల పర్లాకిమిడి, అవతల పాతపట్నం. మా అత్తగారిది ఆ ఒడ్డు, మాది ఈ ఒడ్డు. పెళ్ళికి ఊరేగింపుగా వంతెన దాటితే రాష్ట్రం మారినట్టే.

మూడోది 1937 ఏప్రిల్ 1. ఆ రోజున పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒరిస్సాకు తొలి ప్రధానమంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనేవారన్న మాట పిల్లలకు ముందే చెప్పండి. ఎన్నికల్లో ఆధిక్యం పొందిన కాంగ్రెసు మొదట మంత్రివర్గం ఏర్పాటుకు ఒప్పుకోకపోవడం వల్ల ఆయనకు ఆ అవకాశం వచ్చింది. కాంగ్రెసు ఒప్పుకున్నాక జూలైలో విశ్వనాథ దాస్ గారు ఆ పదవిలోకి వచ్చారు. బరంపురంలోని వైద్య కళాశాలకు ఉన్నది ఆ మహారాజు పేరే. రోజూ పలికే ఎంకేసీజీ అన్న ఆ నాలుగు పొడి అక్షరాల వెనుక ఉన్న మనిషి ఎవరని అడిగితే చాలు, ఇదొక మంచి ప్రశ్న అవుతుంది.

ఇంత చెప్పి గిడుగు రామమూర్తి గారి ప్రస్తావన లేకుండా ముగించలేను. మహారాజు రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఒడియావారి ప్రత్యేక రాష్ట్రం కోసం వాదించారు. అదే ఊళ్ళో బడిపంతులుగా జీవితమంతా గడిపిన రామమూర్తి గారు, పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడాన్ని నిరసిస్తూ వృద్ధాప్యంలో ఇల్లు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఇద్దరూ తమ భాషను ప్రాణంగా ప్రేమించినవారే. ఇద్దరినీ ఒకే పూట, ఒకే గౌరవంతో తలచుకోవడం మన సరిహద్దు ఊళ్ళవారికి సాధ్యమైనంతగా మరెవరికీ సాధ్యం కాదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. రామమూర్తి గారి మీద మాత్రం వాడుకభాషా ఉద్యమం గురించే అడగకండి, అది అందరూ అడిగేదే. ఆయన కొండల్లో తిరిగి సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు బడులు నడిపి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించిన సంగతి అడగండి. ఆయన తెలుగు కోసమే కాదు, లిపి లేని పొరుగు భాష కోసం కూడా కష్టపడ్డారని ఒడియా మిత్రులకు తెలిస్తే ఆయన వారికీ ఆత్మీయుడవుతారు.

జవాబు 4: రాయగడ నివాసి

పర్లాకిమిడి మిత్రులతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. ఇల్లు విడిచి వెళ్ళిన సంగతిని పోటీ ప్రశ్నగా మార్చి, గంట కొట్టి జవాబు చెప్పించడం నాకు సరైనదిగా తోచదు. అలా ఇబ్బంది పడిన కుటుంబాల వారు సభలోనే ఉండవచ్చు. దానిని ప్రశ్నగా కాక, రెండు విడతల మధ్య విరామంలో నిర్వాహకులు నెమ్మదిగా చెప్పే నాలుగు మాటలుగా ఉంచితే మంచిది.

ప్రశ్నగా అయితే జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి పేరును సూచిస్తాను. ఒడిశా కొండసీమలో ఉన్న సంస్థానాధీశుడు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉదారంగా ధనమిచ్చారు. అక్కడి విజ్ఞాన కళాశాలకు ఆయన పేరు పెట్టారు. పిల్లల కోసం తేలికగా ఒకటి కావాలంటే, 1992లో గాంధీ జయంతి నాడు ఏర్పడిన మన సరిహద్దు జిల్లాలు రెండు చెప్పమనండి. కోరాపుట్ నుంచి మా రాయగడ, గంజాం నుంచి గజపతి.

జవాబు 5: విశ్రాంత ఉపాధ్యాయుడు, ఛత్రపురం

రాయగడ వారి సూచన సబబుగా ఉంది. గిడుగు వారి సవర వ్యాకరణం ప్రశ్నగా ఉండాలి, ఆయన వలస విరామంలో చెప్పే మాటగా ఉండాలి.

మరచిపోయిన ప్రశ్న ఒకటి ఉంది. పురుషోత్తమపురానికి దగ్గరలో, ఋషికుల్య ఒడ్డున ఉన్న జౌగడ బండ మీద అశోకుని శాసనాలు ఉన్నాయి. తక్కిన చాలా చోట్ల కనిపించే శాసనాల వరుసలో పదకొండు, పన్నెండు, పదమూడు ఇక్కడ లేవు. కళింగ యుద్ధంలో జరిగిన జననష్టాన్ని తలచుకుని బాధపడిన శాసనం పదమూడోది. దానికి బదులు ఇక్కడ రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించి, అందులో మనుషులందరూ నా బిడ్డలే అని చెప్పించాడు. యుద్ధం జరిగిన కళింగ నేల మీదనే ఆ యుద్ధం మాట ఎందుకు చెక్కించలేదని పిల్లలను అడగండి. దీనికి ఒకే జవాబు లేదు కాబట్టి మార్కులు ఇవ్వకుండా, బాగా ఆలోచించి చెప్పినవారికి చప్పట్లు కొట్టించండి. ఎండలు ముదరకముందు ఒక ఆదివారం పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాధానం: బరంపురం తెలుగువాడు

మాస్టారికి, అక్కగారికి, పర్లాకిమిడి, రాయగడ మిత్రులకు కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మా పెద్దల ముందు చదివి వినిపించాను. ఎనిమిది జట్లు వేస్తున్నాం. ప్రతి జట్టులోనూ ఒక తెలుగు కుటుంబం, ఒక ఒడియా కుటుంబం, ఒక పెద్ద, ఇద్దరు పిల్లలు ఉంటారు. ప్రతి ప్రశ్ననూ మొదట తెలుగులో, వెంటనే ఒడియాలో చదువుతాం. బరంపురం అన్నా బ్రహ్మపుర్ అన్నా, పర్లాకిమిడి అన్నా పారళాఖెముండి అన్నా ఒకే జవాబుగా తీసుకుంటామని ముందే ప్రకటిస్తాం. జవాబుల కాగితాన్ని పోటీకి వారం రోజుల ముందు ఇద్దరు పెద్దలు విడివిడిగా సరిచూస్తారు. సభలో ఎవరైనా అభ్యంతరం చెబితే, ఆ మార్కును పక్కన పెట్టి మర్నాడు తేల్చి చెబుతాం. రెండేళ్ళ క్రితం ఈ ఒక్క నియమం ఉండి ఉంటే ఆ అమ్మాయికి అన్యాయం జరిగేది కాదు.

ఏప్రిల్ 1 ప్రశ్నలు మూడూ ఒక విడతగా పెడుతున్నాం. చివరి ప్రశ్న మా ఎదురింటి ఒడియా పెద్దాయన ఇచ్చారు. మీ కొత్త సంవత్సరం ఉగాదికి, మా కొత్త సంవత్సరం పణా సంక్రాంతికి, ఒకే గోడ పంచుకునే రెండు ఇళ్ళలో రెండు రోజులు ఎందుకయ్యాయి అన్నదే ఆ ప్రశ్న. ఒకటి చంద్రుని గమనాన్ని బట్టి చైత్ర శుద్ధ పాడ్యమి నాడు, మరొకటి సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే రోజున వస్తాయన్నది జవాబు. ఆ రోజే పంచాంగం విన్నవారు కాబట్టి శ్రద్ధగా విన్నవారికి సులభంగానే తడుతుంది. వచ్చినవారికి మేము వేపపువ్వు పచ్చడి పెడుతుంటే, మారేడుపండు పానకం తాము చేసి తెస్తామని వారు మాట ఇచ్చారు. గెలిచిన జట్టుకు బహుమతిగా బరంపురం అప్పడాలు, ఊరగాయ.

అక్కగారూ, చీర, జోడ తీసుకురాగలరా? బల్ల మేము సిద్ధం చేస్తాం.

జవాబు 6: దేవాంగుల ఇంటి ఆడపడుచు

తప్పకుండా తెస్తాను తమ్ముడూ. బల్ల మీద ఉతికిన తెల్లని దుప్పటి పరిపించు. పచ్చడి, పానకం పంచడానికి ముందే ఆ ప్రశ్న అడిగేయాలి, పాత పట్టు మీద బెల్లం చేతులు పడకూడదు. తాకి చూడాలనుకునే పిల్లలకు చేతులు కడుక్కోవడానికి ఒక బిందెడు నీళ్ళు, తువ్వాలు పక్కనే పెట్టించు. అమ్మ కూడా వస్తానంటోంది. అంచు నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు ఎలా కూర్చునేవారో తానే చెబుతానంది, ఆమెకు ఒక కుర్చీ వేయించు.